ఉత్తరాంధ్ర స్థానిక పాలనలో ప్రజారోగ్య సమన్వయం: శానిటరీ ఇన్‌స్పెక్టర్ నుంచి గ్రామ సచివాలయం వరకు

వ్యాససంగ్రహం:

తాగునీరు, పారిశుద్ధ్యం, వ్యాధుల సమాచారం అనే మూడింటినీ కలిపి చూసే ఉద్యోగిని నేటి పాలనాభాషలో ప్రజారోగ్య సమన్వయకర్త అని వ్యవహరించవచ్చు. పేరు కొత్తదే అయినా పని పాతది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో జిల్లా బోర్డులు, పురపాలక సంఘాల నీడలో ఈ పని ఒక పదవిగా రూపుదిద్దుకొంది. స్వాతంత్ర్యానంతరం వేరువేరు శాఖల మధ్య చీలిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలను ఆధారంగా చేసుకొని ఈ పరిణామాన్ని కాలక్రమంలో పరిశీలించడం, ఉద్దానం మూత్రపిండ వ్యాధి, గుర్ల అతిసారం అనే రెండు సందర్భాలలో దాని పర్యవసానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రజారోగ్యం, స్థానిక స్వపరిపాలన, ఉత్తరాంధ్ర, జిల్లా ఆరోగ్యాధికారి, శానిటరీ ఇన్‌స్పెక్టర్, 1939 ప్రజారోగ్య చట్టం, ఉద్దానం, గ్రామ సచివాలయం.

1. ఉపోద్ఘాతం:

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల మండలంలో అతిసారం ప్రబలింది. కొద్ది రోజులలోనే పలువురు ప్రాణాలు కోల్పోయారు. మృతుల సంఖ్య విషయంలో ప్రభుత్వం చెప్పిన లెక్క ఒకటి, ప్రతిపక్షం చెప్పిన లెక్క మరొకటి. పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖలను నిర్వహిస్తున్న ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ అక్టోబరు 21న గుర్ల వెళ్ళి బాధితులను పరామర్శించారు. ప్రభుత్వం ఒక సీనియర్ ఐ.ఏ.ఎస్. అధికారిని విచారణకు నియమించింది. చంపావతి నీటిపై ఆధారపడిన గ్రామాలలో తాగునీరు కలుషితం కావడం ఆనాటి చర్చలన్నింటిలోనూ ప్రధానాంశమైంది.

నేటి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి ఉద్యోగులకు కొరత ఉందని చెప్పలేం. పంచాయతీ కార్యదర్శి, ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తలు, ఇంజనీరింగ్ సహాయకుడు, పారిశుద్ధ్య కార్మికులు గ్రామానికి దగ్గరగానే ఉన్నారు. మండలస్థాయిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, గ్రామీణ నీటి సరఫరా విభాగం ఉన్నాయి. ఇంతమంది ఉన్నచోట నీటిని, మురుగును, రోగాన్ని కలిపి చూడవలసిన బాధ్యత ఎవరిది? ఎన్ని ప్రాణాలు పోయాయన్న లెక్క సైతం వివాదం కావడానికి కారణమేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం వర్తమానంలో కంటే చరిత్రలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

2. సమన్వయం: పని స్వరూపం:

ప్రజారోగ్యం వైద్యానికి పర్యాయపదం కాదు. రోగం వచ్చిన మనిషికి మందిచ్చేది వైద్యం. రోగం ఊరిలోకి రాకుండా చూసేది ప్రజారోగ్యం. ఈ రెండవ పనికి మూడు సాధనాలు కావాలి. మొదటిది పుస్తకం, అంటే జననమరణాల, వ్యాధుల నమోదు. రెండవది బావి, అంటే తాగునీటి మీద అధికారం. మూడవది చీపురు, అంటే వీధులు, కాలువలు, మరుగుదొడ్ల పారిశుద్ధ్యం. పుస్తకం చూసినవానికి బావి మీద అధికారం లేకపోతే చావుల లెక్క లెక్కగానే మిగిలిపోతుంది. బావి మీద అధికారం ఉన్నవానికి పుస్తకం అందకపోతే ఏ నీటిని ఎప్పుడు పరీక్షించాలో తెలియదు.

ఈ మూడింటినీ కలిపే వ్యక్తికి వేరువేరు కాలాలలో వేరువేరు పేర్లున్నాయి. శానిటరీ ఇన్‌స్పెక్టర్, జిల్లా ఆరోగ్యాధికారి, హెల్త్ అసిస్టెంట్, మున్సిపల్ హెల్త్ ఆఫీసర్ మొదలైనవి అందులో కొన్ని. పేరు ఏదైనా, ఆ వ్యక్తి చేతిలో మూడు సాధనాలలో ఎన్ని ఉన్నాయన్నదే ఈ పరిశీలనకు కొలమానం.

3. తొలిదశ (1864–1920):

భారతదేశంలోని బ్రిటిష్ సైన్యం ఆరోగ్యస్థితిపై ఏర్పడిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక సమర్పించింది. దాని ఫలితంగా 1864లో మద్రాసుతో సహా మూడు ప్రెసిడెన్సీలలో శానిటరీ కమిషన్లు ఏర్పడ్డాయి. వాటి తొలి శ్రద్ధ కంటోన్మెంట్ల మీదనే. పల్లెలు ఈ దృష్టిలోకి రావడానికి స్థానిక నిధుల వ్యవస్థ అవసరమైంది. 1871 చట్టంతో లోకల్ ఫండ్ బోర్డులు వచ్చాయి. 1884లో వచ్చిన స్థానిక బోర్డుల చట్టం, జిల్లా మున్సిపాలిటీల చట్టం ఈ వ్యవస్థను విస్తరించాయి. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, వాటి కింద పెద్ద గ్రామాలకు యూనియన్లు ఏర్పడ్డాయి. యూనియన్లు ఇంటిపన్ను వసూలు చేసి వీధులు ఊడ్పించడం, దీపాలు పెట్టించడం వంటి పనులు చేసేవి.

నేటి రెండు జిల్లాల ప్రాంతం అప్పట్లో ఒకే పాలనలో లేదు. విజయనగరం విశాఖపట్నం జిల్లాలోను, చికాకోలు అని వ్యవహరించిన శ్రీకాకుళం గంజాం జిల్లాలోను ఉండేవి. విజయనగరం పురపాలక సంఘం 1888లో ఏర్పడింది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు చికాకోలు ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం ప్రత్యేక జిల్లాలయ్యాయి.

ఆనాటి ప్రజారోగ్య వ్యవస్థ ప్రజలకు ఎదురుపడింది ముఖ్యంగా రెండు రూపాలలో. ఒకటి మశూచి టీకాలు. స్థానిక బోర్డులు, పురపాలక సంఘాలు జీతమిచ్చే టీకా ఉద్యోగులు ఊరూరా తిరిగేవారు. రెండవది జననమరణాల పుస్తకం. 1899 నాటి మద్రాసు జననమరణాల నమోదు చట్టం ఈ నమోదుకు చట్టబద్ధత కల్పించింది. గ్రామాలలో ఈ బాధ్యత గ్రామోద్యోగులది. భూమిశిస్తు లెక్కలు చూసే వ్యవస్థే చావుపుట్టుకల లెక్క కూడా చూసేది. ఊళ్ళో కలరా తగిలితే ఆ సంగతి పైకి చేరవలసింది మునసబు ద్వారానే.

అప్పటికి సామాన్య ప్రజలకు ఈ వ్యాధులు దేవతల ఆగ్రహరూపాలు. మశూచి సోకితే అమ్మవారు పోసిందనడం, వాంతిభేదులు ప్రబలితే మరిడమ్మను కొలవడం, ఊరంతా కలిసి జాతర చేయడం ఈ ప్రాంతపు ఆచారం. వ్యాధి ఒక ఇంటిది కాదని, ఊరిదని ఆ సంప్రదాయం గుర్తించింది. ప్రభుత్వ వ్యవస్థ కూడా వ్యాధిని ఊరి సమస్యగానే లెక్కలోకి తెచ్చింది. రెండు దృష్టులు వేరైనా ఈ ఒక్క అంశంలో అవి కలుస్తాయి.

4. జిల్లా ఆరోగ్యాధికారి, 1939 చట్టం:

1919 రాజ్యాంగ సంస్కరణలతో స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్యం రెండూ మంత్రులకు బదిలీ అయిన అంశాలయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920ల తొలి సంవత్సరాలలో జిల్లాకొక ఆరోగ్యాధికారి, ఆయన కింద హెల్త్ ఇన్‌స్పెక్టర్లు ఉండే పద్ధతి అమలులోకి వచ్చింది. కలరా వ్యాప్తి క్రమాలను అధ్యయనం చేసిన ఎ. జె. హెచ్. రస్సెల్ ఆ దశకంలో ప్రజారోగ్యశాఖ సంచాలకులుగా పనిచేశారు. సాంకేతిక పర్యవేక్షణ సంచాలకునిది. అయితే ఆరోగ్యాధికారి పనిచేసింది జిల్లా బోర్డు పరిధిలో, దాని నిధులతో, దాని సభ్యుల ప్రశ్నలకు సమాధానం చెబుతూ.

ఈ క్రమానికి పరాకాష్ఠ 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం. భారతదేశంలో ఈ తరహా సమగ్ర చట్టాలలో ఇది మొదటిది. తాగునీటి వనరుల రక్షణ, మురుగు పారుదల, అంటువ్యాధుల నివేదన, దోమల నివారణ, మాతాశిశు సంక్షేమం, వసతిగృహాల తనిఖీ, ఆహార పరిశుభ్రత అన్నీ ఇందులో ఒకేచోట ఉన్నాయి. కలుషితమైన బావిని శుద్ధి చేయించడానికి, అవసరమైతే వాడకుండా మూయించడానికి ఆరోగ్యాధికారికి అధికారం లభించింది. జాతరలు, ఉత్సవాలకు ఈ చట్టం ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించింది. అరసవల్లి రథసప్తమి, శ్రీముఖలింగం శివరాత్రి, విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం వంటి సందర్భాలలో వేలాది జనం కూడే ఈ ప్రాంతానికి ఆ అధ్యాయం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

నిధుల విషయంలో ఈ చట్టం మరింత స్పష్టంగా ఉంది. ప్రభుత్వ గ్రాంట్లు మినహా తమ ఆదాయంలో పురపాలక సంఘాలు 30 శాతం, జిల్లా బోర్డులు 12.5 శాతం తక్కువ కాకుండా ప్రజారోగ్యానికి కేటాయించాలని నిర్దేశించింది. అధికారం, నిధి, సమాచారం మూడూ ఒకే వ్యవస్థలో ఉండేలా చూసిన చట్టమిది. కలరా మరణం పుస్తకంలోకి ఎక్కితే ఇన్‌స్పెక్టర్ ఆ ఊరికి రావడం, బావుల్లో పొటాషియం పెర్మాంగనేటు లేదా బ్లీచింగ్ పౌడరు కలిపించడం, టీకాలు వేయించడం, వీధులు శుభ్రం చేయించడం ఒక గొలుసుగా సాగాలన్నది దీని ఉద్దేశం.

5. ఆ వ్యవస్థ పరిమితులు:

ఈ గొలుసు కాగితం మీద ఉన్నంత గట్టిగా నేల మీద లేదు. మూడు పరిమితులు ముఖ్యమైనవి.

మొదటిది జమీందారీ. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి సంస్థానాల పరిధిలో చెరువులు, బావుల మరమ్మతు ఎస్టేటు దయ మీద ఆధారపడింది. ఊరంతా తాగేది చెరువు నీరైనప్పుడు ఆ చెరువుపై ఆరోగ్యాధికారి మాట ఎంతవరకు చెల్లుతుందన్నది ఎస్టేటు దివాణంతో ముడిపడిన విషయం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే ఈ అడ్డు తొలగింది.

రెండవది మన్యం. పార్వతీపురం, సాలూరు, సీతంపేట కొండప్రాంతాలు ఏజెన్సీ పాలనలో ఉండేవి. మైదాన ప్రాంతపు స్థానిక బోర్డుల వ్యవస్థ అక్కడ పూర్తిగా విస్తరించలేదు. మలేరియా తీవ్రంగా ఉన్న ప్రాంతమే ప్రజారోగ్య ఉద్యోగికి దూరంగా ఉండిపోయింది. గర్భిణులను, రోగులను డోలీలో మోసుకొని కొండ దిగే దృశ్యం నేటికీ వార్తల్లో కనిపించడం ఆ దూరానికి కొనసాగింపే.

మూడవది కులం. పురపాలక సంఘాల పారిశుద్ధ్య వ్యవస్థ ఉత్తరాంధ్రలో ప్రధానంగా రెల్లి సామాజికవర్గం శ్రమ మీద నిలిచింది. చట్టం ఊరి ఆరోగ్యాన్ని గురించి మాట్లాడింది కానీ, ఆ ఆరోగ్యాన్ని తన చేతులతో నిలబెట్టే కార్మికుని ఆరోగ్యాన్ని గురించి ఆలోచించలేదు. మరుగుదొడ్లను చేతులతో శుభ్రం చేయించడాన్ని నిషేధించే కేంద్ర చట్టం 1993 వరకు రాలేదు. దానిని మరింత కట్టుదిట్టం చేస్తూ 2013లో మరో చట్టం చేయవలసి వచ్చింది.

అందుచేత పాత వ్యవస్థను ఆదర్శంగా చూపడం చరిత్రకు న్యాయం చేయడం కాదు. దాని నుంచి గ్రహించదగినది ఒక నిర్మాణసూత్రం మాత్రమే. నీరు, మురుగు, నమోదు ఒకే స్థానిక అధికారం కింద ఉండాలన్నది ఆ సూత్రం.

6. విడిపోయిన దారులు (1946–1992):

1946లో భోర్ కమిటీ నివేదిక వైద్యాన్ని, ప్రజారోగ్యాన్ని కలిపి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పైకి నిర్మించాలని సూచించింది. 1952 నుంచి సమాజాభివృద్ధి పథకంతో పాటు ఈ కేంద్రాలు ఏర్పడడం మొదలైంది. ఉద్దేశం ఉన్నతమైనదే. ఆచరణలో మాత్రం చికిత్స ముందుకు, నివారణ వెనక్కు జరిగాయి. జిల్లా వైద్యాధికారి, జిల్లా ఆరోగ్యాధికారి అనే రెండు బాధ్యతలు క్రమంగా జిల్లా వైద్య ఆరోగ్యాధికారి అనే ఒకే పదవిలో కలిశాయి. ఆస్పత్రిలో రోగులు ఎదురుగా ఉంటారు. పాడైన బావి ఎదురుగా కనిపించదు. ఒకే అధికారికి రెండు పనులు అప్పగిస్తే ఏది ముందుకు వస్తుందో ఊహించడం కష్టం కాదు.

రెండవ మార్పు జాతీయ కార్యక్రమాలతో వచ్చింది. మలేరియా నియంత్రణ 1953లో, ఫైలేరియా, కుష్ఠు నియంత్రణ కార్యక్రమాలు 1955లో ప్రారంభమయ్యాయి. ఒక్కో వ్యాధికి ఒక్కో సిబ్బంది, ఒక్కో రిజిస్టరు, ఒక్కో పై అధికారి. ఈ కార్యక్రమాలు సాధించిన ఫలితాలు తక్కువవి కావు. మశూచి నిర్మూలన జరిగినట్లు 1977లో భారతదేశానికి ధ్రువీకరణ లభించింది. కుష్ఠువ్యాధి తీవ్రంగా ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు 1980ల తొలినాళ్ళలో బహుళ ఔషధ చికిత్సను దేశంలో మొదటగా ప్రవేశపెట్టిన కొద్ది జిల్లాలలో ఉన్నాయి. ఇంటింటికీ తిరిగిన పారామెడికల్ ఉద్యోగుల శ్రమతో వ్యాధి గణనీయంగా తగ్గింది. అయితే ఆ ఉద్యోగి జవాబు చెప్పవలసింది రాజధానిలోని కార్యక్రమ అధికారికి. ఊరి పంచాయతీకి ఆ లెక్క చూసే హక్కు లేదు.

మూడవ మార్పు స్థానిక సంస్థలలోనే వచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల వ్యవస్థను చేపట్టింది. జిల్లా బోర్డులు చరిత్రలో కలిశాయి. సమితులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నిర్వహణలో పాత్ర లభించినా, కాలక్రమంలో వైద్యశాఖ పట్టు బలపడి ఆ పాత్ర నామమాత్రమైంది. తాగునీరు ఇంజనీరింగ్ విభాగం పనిగా మారింది. పారిశుద్ధ్యం పంచాయతీ దగ్గర, సరిపడా నిధులు లేకుండా మిగిలింది.

నాలుగవ మార్పు 1984లో గ్రామోద్యోగుల వ్యవస్థ రద్దు. వంశపారంపర్య మునసబు, కరణాల ఆధిపత్యం తొలగడం ప్రజాస్వామికమైన పరిణామం. కాని చావుపుట్టుకల పుస్తకాన్ని ఊళ్ళో నిలకడగా నిర్వహించే పాత ఏర్పాటు కూడా దానితో పోయింది. నమోదు పంచాయతీకి చేరింది. వైద్యశాఖ తన లెక్కలు తాను వేరుగా రాసుకొంది. ఒకే మరణం రెండు పుస్తకాలలో రెండు విధాలుగా ఉండే అవకాశం ఏర్పడింది. గుర్లలో తలెత్తిన లెక్కల వివాదాన్ని ఈ నేపథ్యంలో చూడవలసి ఉంది.

ఈ విధంగా 1939 నాటి చట్టం కూర్చిన మూడు సాధనాలు మూడు శాఖలకు చేరాయి. గమనించవలసిన విశేషమేమంటే ఆ చట్టం రద్దు కాలేదు. ఆంధ్ర ప్రాంతానికి వర్తించే ప్రజారోగ్య చట్టంగా రాష్ట్ర చట్టాలలో కొనసాగింది. చట్టం పుస్తకాలలో ఉంది, దానిని నడిపే పదవి మాత్రం కరిగిపోయింది.

7. రాజ్యాంగ సవరణల నుంచి సచివాలయం వరకు:

1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు ఈ చీలికను సరిదిద్దే అవకాశం కల్పించాయి. పదకొండవ షెడ్యూలులో తాగునీరు, ఆరోగ్యం, పారిశుద్ధ్యం పంచాయతీల అంశాలుగా చేరాయి. పన్నెండవ షెడ్యూలు ప్రజారోగ్యాన్ని పురపాలక సంఘాల జాబితాలో చేర్చింది. 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. అయితే అంశాలు బదిలీ అయినంత తేలికగా నిధులు, ఉద్యోగులు బదిలీ కాలేదు.

2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆశా కార్యకర్తను, గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య కమిటీని తెచ్చింది. సర్పంచి, ఏ.ఎన్.ఎం. కలిసి నిర్వహించే ఖాతాకు ఏటా 10,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు జరిగింది. మొత్తం చిన్నదే. కాని పంచాయతీని, వైద్యశాఖను ఒకే ఖాతా మీద సంతకం చేయించిన అరుదైన ప్రయత్నమిది.

2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ, వార్డు సచివాలయాలు ఏ.ఎన్.ఎం.ను, ఇంజనీరింగ్ సహాయకుని, పంచాయతీ కార్యదర్శిని ఒకే కప్పు కిందికి తెచ్చాయి. పట్టణాలలో వార్డు ఆరోగ్య కార్యదర్శి, వార్డు పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శి అనే పదవులు ఏర్పడ్డాయి. 2015లో నగరపాలక సంస్థలుగా మారిన శ్రీకాకుళం, విజయనగరాలలో ఈ కార్యదర్శులు మున్సిపల్ ఆరోగ్య విభాగంతో కలిసి పనిచేయవలసి ఉంటుంది. మూడు సాధనాలు మళ్ళీ ఒక గదిలోకి వచ్చిన సందర్భమిది. కాని ఆ గదిలో ప్రతి ఉద్యోగికీ పై అధికారి వేరు. ఏ.ఎన్.ఎం. సచివాలయంలో కూర్చున్నా ఆమె నివేదికలు వెళ్ళేది వైద్యశాఖకు. ఇంజనీరింగ్ సహాయకుని నివేదికలు మరో శాఖకు. ఒకే గదిలో ఉండడం వేరు, ఒకే బాధ్యత కింద ఉండడం వేరు.

పదిహేనవ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యరంగానికి 70,051 కోట్ల రూపాయల గ్రాంట్లు సిఫారసు చేసింది. నిధి స్థానిక సంస్థ ద్వారా రావాలన్న 1939 నాటి ఆలోచన మరో రూపంలో తిరిగి వచ్చిందని దీనిని భావించవచ్చు.

8. ఉద్దానం: సమన్వయ లోపానికి మూల్యం:

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలతో కూడిన తీరప్రాంతం ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే ఈ నేలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి రెండు దశాబ్దాలకు పైగా కుటుంబాలను కూలుస్తోంది. మధుమేహం, రక్తపోటు వంటి సాధారణ కారణాలు లేనివారిలో కూడా ఈ వ్యాధి కనిపించడం దీని ప్రత్యేకత. విశాఖపట్నం మూత్రపిండ వైద్యులు టి. రవిరాజు ప్రభృతులు ప్రచురించిన అధ్యయనంలో పరీక్షించిన 2,210 మందిలో సుమారు 18 శాతానికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు తేలింది. వ్యాధికి నిర్దిష్టకారణం నేటికీ నిర్ధారణ కాలేదు.

ఈ వ్యాధి వెలుగులోకి వచ్చిన తీరు పరిశీలించదగినది. మొదట దీనిని గుర్తించింది తమ దగ్గరకు వస్తున్న రోగుల ఊళ్ళ పేర్లు పదేపదే ఒకటే కావడం గమనించిన వైద్యులు. ఏ పంచాయతీ మరణాల పుస్తకమూ దీనిని చెప్పలేదు. ఒకే ఊళ్ళో నడివయసు మగవారు వరసగా చనిపోతున్నప్పుడు ఆ పుస్తకాన్ని నెలనెలా చదివి, పక్క ఊరి పుస్తకంతో పోల్చి, నీటిని పరీక్షకు పంపవలసిన ఉద్యోగి ఎవరూ లేరు. పుస్తకం పంచాయతీలో ఉంది, నీరు ఇంజనీర్ల దగ్గర ఉంది, రోగి విశాఖపట్నం ఆస్పత్రిలో ఉన్నాడు.

సమస్య రాష్ట్రవ్యాప్త చర్చగా మారిన తరువాత స్పందన పెద్దస్థాయిలోనే వచ్చింది. డయాలసిస్ కేంద్రాలు ఏర్పడ్డాయి. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలైంది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానం ఊళ్ళకు అందించే సుమారు 700 కోట్ల రూపాయల రక్షిత మంచినీటి పథకాన్ని, పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రాన్ని, 200 పడకల ఆస్పత్రిని 2023 డిసెంబరు 14న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించారు. ఇవి అవసరమైన చర్యలే. నీరే కారణమని శాస్త్రం తేల్చకముందే సురక్షితమైన నీరివ్వడం ప్రజారోగ్య దృష్టితో సరైన నిర్ణయం కూడా.

అయినా ఉద్దానం రోగి కోణంలో చూస్తే ఈ సేవలు ఐదారు వాకిళ్ళు. క్రియాటినిన్ పరీక్షకు ఆరోగ్య కేంద్రం, డయాలసిస్‌కు మరో ఆస్పత్రి, పింఛనుకు సచివాలయం, కుళాయికి నీటి సరఫరా విభాగం, ఖరీదైన చికిత్సకు ప్రభుత్వ వైద్యసేవ పథకం. వీటన్నిటినీ కలుపుతున్నది ఒక్క రోగే. తన కాగితాల సంచి చంకన పెట్టుకొని అన్ని గుమ్మాలూ ఎక్కే ఆ మనిషే వాస్తవంగా సమన్వయకర్త పని చేస్తున్నాడు. అనారోగ్యంతో ఉన్నవాని మీద పాలనావ్యవస్థ మోపిన బరువిది.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఈ ప్రాంతంలోనే ఉంది. సాలూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో ఏర్పడిన గర్భిణుల వసతిగృహం కొండ గ్రామాల స్త్రీలను ప్రసవానికి ముందే మైదానానికి చేర్చి, ఆహారం, పరీక్షలు, ఆస్పత్రి సౌకర్యం ఒకేచోట అందేటట్లు చూసింది. ఒక స్థానిక సంస్థ బాధ్యత తీసుకొంటే వేరువేరు శాఖలు ఒక మనిషి చుట్టూ చేరగలవని ఇది నిరూపిస్తుంది.

9. ఇతర ప్రాంతాల అనుభవం:

మద్రాసు వ్యవస్థకు మాతృక ఇంగ్లండులో ఉంది. లివర్‌పూల్ నగరం 1847లో విలియం హెన్రీ డంకన్‌ను తొలి ఆరోగ్యాధికారిగా నియమించింది. 1872 చట్టం ఈ పదవిని స్థానిక సంస్థలన్నింటికీ తప్పనిసరి చేసింది. 1974లో ఆరోగ్యసేవల పునర్వ్యవస్థీకరణలో ఈ పదవి స్థానిక సంస్థల నుంచి తొలగిపోయింది. నాలుగు దశాబ్దాల తరువాత, 2013లో, ప్రజారోగ్య సంచాలకులను తిరిగి స్థానిక సంస్థల పరిధిలోకి తెచ్చారు. తీసివేసినదాన్ని మళ్ళీ పెట్టుకోవడానికి అంతకాలం పట్టింది.

1939 చట్టాన్ని వారసత్వంగా పొందిన తమిళనాడు ప్రజారోగ్యానికి ప్రత్యేక సంచాలక కార్యాలయాన్ని, శిక్షణ పొందిన ప్రత్యేక ఉద్యోగవర్గాన్ని నిలుపుకొంది. కేరళ 1996 తరువాత ప్రజాప్రణాళిక ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పంచాయతీలకు అప్పగించింది. ఒకటి ప్రత్యేక ఉద్యోగవర్గం మార్గం, మరొకటి స్థానిక అధికారం మార్గం. ఒకే చట్టం నుంచి మొదలైన ఉత్తరాంధ్ర ఈ రెండు మార్గాలలో దేనినీ పూర్తిగా అనుసరించలేదు.

10. ముగింపు:

ఈ పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

1. ప్రజారోగ్య సమన్వయం ఉత్తరాంధ్రకు కొత్త భావన కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో స్థానిక సంస్థల పరిధిలో అది చట్టం, నిధి, అధికారం ఉన్న పదవిగా రూపొందింది.

2. జమీందారీ, మన్యం, కులం అనే మూడు పరిమితులు ఆ వ్యవస్థను అసంపూర్ణంగా ఉంచాయి. దానిని పునరుద్ధరించదలచినవారు ముందుగా ఈ మూడింటికీ సమాధానం చెప్పాలి. పారిశుద్ధ్య కార్మికుని భద్రత ఇందులో మొదటిది.

3. స్వాతంత్ర్యానంతరం నీరు, పారిశుద్ధ్యం, వ్యాధి నమోదు వేరువేరు శాఖలకు చేరాయి. జాతీయ కార్యక్రమాలు ఒక్కొక్క వ్యాధి మీద విజయం సాధించినా, ఊరి ఆరోగ్యాన్ని సమగ్రంగా చూసే స్థానం ఖాళీగా మిగిలింది.

4. ఉద్దానంలో వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం, గుర్లలో మరణాల లెక్కపై వివాదం తలెత్తడం ఈ ఖాళీకి రెండు నిదర్శనాలు.

5. గ్రామ సచివాలయాల రూపంలో అవసరమైన ఉద్యోగులు ఇప్పటికే ఒకచోట ఉన్నారు. లోపించినది వారిలో ఒకరికి మిగిలిన ఇద్దరి సమాచారంపై హక్కు, నీటి వనరుపై చర్య తీసుకొనే అధికారం, పంచాయతీకి జవాబు చెప్పే బాధ్యత.

నెలకొకసారి మరణాల పుస్తకాన్ని, నీటి పరీక్ష ఫలితాన్ని, ఏ.ఎన్.ఎం. రిజిస్టరును ఒకే బల్ల మీద పెట్టి చదివించడానికి కొత్త చట్టం అవసరం లేదు. 1939 నాటి చట్టం ఆ అధికారాన్ని ఏనాడో ఇచ్చింది. ఆ బల్ల దగ్గర కూర్చోవలసినవారు ఎవరో నిర్ణయించడమే ఇక మిగిలిన పని. ఆ నిర్ణయం ఎంత ఆలస్యమైతే అంతకాలం, కాగితాల సంచితో గుమ్మాలెక్కే ఉద్దానం రోగే ఈ ప్రాంతపు ప్రజారోగ్య సమన్వయకర్తగా కొనసాగుతాడు.